సైనికుడి రోజు చూడాలంటే ఒక రాత్రి పొపెరింగెలో ఉండండి

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యం పోరాడిన, బెల్జియంలోని ఈపర్ పట్టణానికి వెళ్ళాలనుకునేవారికి ముందే చెబుతున్నాను. "సైనికుడి జీవితంలో ఒక రోజు" అనే పేరుతో అక్కడ అమ్ముతున్న వ్యాన్ యాత్రలకు డబ్బు కట్టే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. మేము తలకు 89 యూరోల చొప్పున ముగ్గురికి 267 యూరోలు కట్టాం. మన రూపాయల్లో పాతిక వేల పైమాటే. అందుకు దక్కింది కాస్త పొగ, బోలెడు చప్పుడు, చల్లారిపోయిన భోజనం. ఆ మర్నాడు రైల్లో కాసేపట్లో చేరుకునే పొపెరింగెలో, ఒక పాత ఇంటి వంటగదిలో డబ్బు అడగకుండా టీ పోసి కూర్చోబెట్టారు. నూరేళ్ళ కిందటి మామూలు బ్రిటిష్ సిపాయి ఎలా బతికాడో నాకు అర్థమైంది ఆ ఇంట్లోనే.

మాతో మా అన్నయ్య రావడం వల్ల ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపించింది. మా అమ్మగారి ఊరు పశ్చిమ గోదావరిలోని మాధవరం. అందరూ మిలిటరీ మాధవరం అని పిలిచే ఊరే. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు అది. అన్నయ్య కూడా మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో సుబేదారుగా పనిచేసి రిటైరయ్యాడు. యుద్ధం గురించిన మ్యూజియంలో మనం తుపాకులు చూస్తే, ఆయన మంచినీళ్ళ డబ్బా ఎక్కడ పెట్టారో చూస్తాడు.

ఈపర్‌కు ముందు చూసిన లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఏ ఇబ్బందీ లేదు. ప్రవేశం ఉచితం, పొద్దున్నే వెళ్తే రద్దీ తక్కువ. మొదటి యుద్ధం గ్యాలరీల్లో కందకం (సిపాయిలు దాక్కుని పోరాడే పొడవాటి గొయ్యి) నమూనా ఒకటి ఉంది, దాని మీదికి దూకబోతున్నట్టు ట్యాంకు, పైన విమానం. అక్కడికంటే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మా అమ్మాయి ఉండే ఊళ్ళోని పాత సామాను దుకాణం. అక్కడ ఒక పింగాణీ పళ్ళెం చూశాను. దాని మీద గుబురు మీసాల ముసలి సిపాయి బొమ్మ. చుట్టూ గుండ్లు పేలుతుంటే గోతిలో కూర్చుని పక్కవాడి మీద విసుక్కుంటున్నాడు. అతని పేరు ఓల్డ్ బిల్. గీసినవాడు బ్రూస్ బైర్న్స్‌ఫాదర్ అనే సైనికాధికారి. 1915లో ఈపర్ దగ్గరే గుండు పేలి గాయపడ్డాడు. ఆయన బొమ్మలు బైస్టాండర్ పత్రికలో వచ్చేవి. సిపాయిని ఇంత మోటుగా చూపిస్తారా అని పెద్దలు కొందరు మండిపడ్డారు. సిపాయిలు మాత్రం వాటిని కత్తిరించి గోడలకు అంటించుకున్నారు. చివరకు సైన్యమే ఆయనకు బొమ్మలు గీసే పని అప్పగించింది. పళ్ళెం ధర 38 పౌండ్లు. మావారు ధర చూసి నా వైపు చూశారు. నేను కొనలేదు. ఇప్పటికీ ఆ బొమ్మ మనసులోనే ఉంది.

లండన్ నుంచి లీల్, లీల్ నుంచి కోర్ట్రైక్, అక్కడి నుంచి ఈపర్. రైళ్ళన్నీ వేళకే వచ్చాయి.

ఇక ఆ యాత్ర సంగతి. ఉదయం తొమ్మిదికి రావలసిన వ్యాను పది దాటాక వచ్చింది. క్షమాపణ లేదు. ఊరి బయట ఒక రేకుల షెడ్డుకు తీసుకువెళ్ళి, తడి వాసన వేసే ఉన్ని కోట్లు తొడిగారు. షెడ్డులో ఇసుక బస్తాలు పేర్చి, ప్లాస్టిక్ ఎలుకలు పెట్టి, యంత్రంతో పొగ వదిలారు. లౌడ్‌స్పీకర్లలో గుండ్ల మోత. ఈల ఊదగానే మేమంతా నిచ్చెన ఎక్కి అవతలకు దిగాలి. అంతే, సైనికుడి జీవితం అయిపోయింది! ఆ కోట్లలో మమ్మల్ని నిలబెట్టి తీసిన ఫోటో కావాలంటే మరో 15 యూరోలన్నారు. మావారు కోటు విప్పి వాళ్ళ చేతిలో పెట్టి బయటకు నడిచారు.

మధ్యాహ్నం "సైనికుల భోజనం". నేను గొడ్డు మాంసం తిననని టికెట్టు కొన్నప్పుడే రాసి పంపాను, సరేనని జవాబు కూడా వచ్చింది. తీరా పళ్ళెంలో చల్లటి డబ్బా మాంసమే వచ్చింది. వద్దంటే రెండు బిస్కెట్లు, ఇంత జామ్ ముందు పెట్టారు. 89 యూరోలు తీసుకుని ఒక మనిషికి పెట్టిన తిండి అది. డబ్బు కొంత వెనక్కి ఇవ్వమంటే "ఆఫీసుకు రాయండి" అన్నారు.

తిండి కంటే నాకు కోపం తెప్పించింది ఆ గైడు మాటలు. సిపాయిలు నాలుగేళ్ళూ కందకంలోనే, బురదలోనే పడి ఉన్నారన్నట్టు చెప్పుకుపోయాడు. అన్నయ్య చేయెత్తి అడిగాడు: "వీళ్ళను ఎన్నాళ్ళకోసారి మార్చేవారు? స్నానం ఎక్కడ చేసేవారు? నీళ్ళు ఎవరు మోసుకొచ్చేవారు?" గైడు గడియారం చూసుకుని, సమయం లేదన్నాడు. అన్నయ్య మళ్ళీ నోరు విప్పలేదు. తిరుగు దారి పొడవునా కిటికీలోంచి బయటకే చూస్తూ కూర్చున్నాడు.

ఆ ప్రశ్నలన్నిటికీ జవాబులున్నాయి. దళాలను వంతులవారీగా తిప్పేవారు. కొద్ది రోజులు ముందు వరుసలో, కొద్ది రోజులు వెనక వరుసలో, ఆపైన ఇంకా వెనక ఊళ్ళలో విశ్రాంతి. విశ్రాంతి అన్న మాటే కానీ అక్కడా కవాతు, గోతులు తవ్వడం, బరువులు మోయడం తప్పవు. నీళ్ళు పెట్రోలు డబ్బాల్లో వచ్చేవి కాబట్టి టీకి పెట్రోలు వాసన. బట్టల నిండా పేలు. చొక్కా కుట్ల వెంట కొవ్వొత్తి మంట పోనిచ్చి వాటిని చంపుకునేవారు. పాదాలు తడికి కుళ్ళిపోకుండా తిమింగలం నూనె రాసుకోవడం, మేజోళ్ళు మార్చుకోవడం రోజువారీ పని. యుద్ధం మొదట్లో మామూలు సిపాయి జీతం రోజుకు ఒక షిల్లింగు. షెడ్డులో పొగ వదిలిన ఆ మనిషికి వీటిలో ఒక్కటైనా చెప్పడానికి ఎంత సమయం పట్టేది?

ఈపర్‌లో మేము దిగిన హోటలు గది రాత్రికి 138 యూరోలు, ఫలహారానికి తలకు మరో 18. గదిలో హీటరు పనిచేయలేదు. రెండుసార్లు చెబితే ఒక దుప్పటి పంపారు. ఆ ఊళ్ళో డబ్బు పెట్టకుండా చూసినవే బాగున్నాయి. రోజూ రాత్రి ఎనిమిదింటికి మెనిన్ గేటు అనే స్మారక ద్వారం దగ్గర బ్యూగిల్ ఊదుతారు, 1928 నుంచి నడుస్తున్న ఆచారం ఇది. సమాధి దొరకని 54,000 మందికి పైగా సైనికుల పేర్లు ఆ గోడల మీద చెక్కి ఉన్నాయి, వారిలో మన భారతీయులూ ఉన్నారు. అన్నయ్య ఆ పేర్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. నిజమైన కందకం చూడాలంటే బూజింగె పారిశ్రామికవాడలోని యార్క్‌షైర్ కందకానికి వెళ్ళండి. ఔత్సాహికులు తవ్వి బయటకు తీసిన అసలు చోటు అది. చుట్టూ ఫ్యాక్టరీలే అయినా టికెట్టు లేదు, పొగ లేదు. దాని లోతు, వెడల్పు చూస్తే ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఎలా తప్పుకునేవారో తెలుస్తుంది.

మర్నాడు పొపెరింగె. ఈపర్ తర్వాత రైలు ఆగే ఊరు అదే, లైను కూడా అక్కడితో ఆఖరు. టికెట్టుకు తలకు మూడు యూరోల లోపే అయింది. యుద్ధం నాలుగేళ్ళలో ఎక్కువ కాలం ఈ ఊరు బ్రిటిష్ సైన్యం చేతిలోనే ఉంది. ఈపర్ నేలమట్టమైపోతుంటే, ముందు వరుస నుంచి వెనక్కి వచ్చిన సిపాయిలు ఇక్కడ ఊపిరి పీల్చుకునేవారు. ఊరి పేరును ముద్దుగా పాప్ అని కుదించుకున్నారు.

మేము వెళ్ళింది టాల్బట్ హౌస్‌కు. ఫిలిప్ క్లేటన్ అనే మతగురువు 1915 డిసెంబరులో తెరిచిన సిపాయిల క్లబ్బు ఇది. ఒక వ్యాపారి ఇంటిని అద్దెకు తీసుకుని, ఆ ఏడాదే జులైలో చనిపోయిన గిల్బర్ట్ టాల్బట్ అనే యువ అధికారి పేరు పెట్టారు. ఇక్కడికి వచ్చే ఎవరైనా హోదా గుమ్మం బయటే వదిలి రావాలి. జనరల్ అయినా సిపాయి అయినా ఒకే కుర్చీ, ఒకే టీ. ఈ సంగతి వినగానే అన్నయ్య, "సైన్యంలో ఇది ఎంత పెద్ద విషయమో మీకు తెలియదు బావగారూ" అని మావారి భుజం పట్టుకున్నాడు. ముందురోజు నుంచి మూతి బిగించుకున్న మనిషి ఆ గుమ్మంలో మళ్ళీ మాట్లాడాడు.

ఇల్లంతా చిన్న చిన్న హాస్యపు బోర్డులు. నిరాశావాదులకు దారి ఇటు అంటూ వీధి తలుపు వైపు చూపించే చెయ్యి ఒకటి. తోటలోకి వచ్చి యుద్ధాన్ని మరిచిపొమ్మనే పిలుపు మరొకటి. గ్రంథాలయంలో పుస్తకం కావాలంటే సిపాయి తన టోపీ తాకట్టు పెట్టాలి. టోపీ లేకుండా వీధిలోకి పోలేడు కాబట్టి పుస్తకం తప్పక తిరిగి వచ్చేది! వేరే దళాల్లో ఉన్న తమ్ముణ్ణో, ఊరివాణ్ణో వెతుక్కోవడానికి పేరు రాసిపెట్టే చోటు కూడా ఉంది. అటకలో పూర్వం బీరుకు వాడే హాప్స్ పువ్వులు ఆరబెట్టేవారు, దాన్నే ప్రార్థన గది చేశారు. తోటలో దొరికిన వడ్రంగి బల్లే అక్కడి పూజాపీఠం. మెట్లు చాలా నిటారుగా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవారు నెమ్మదిగా ఎక్కాలి, కానీ ఎక్కకుండా రావద్దు.

వంటగదిలో టీ పోసిన పెద్దావిడ ఇంగ్లండు నుంచి స్వచ్ఛందంగా వచ్చి పనిచేస్తోంది. అన్నయ్య సైన్యంలో చేశాడని తెలిసి పక్కనే కూర్చుంది. సిపాయిలు ఇంటికి పంపే అచ్చు కార్డు గురించి చెప్పింది. "నేను క్షేమం", "ఆసుపత్రిలో చేరాను" లాంటి వాక్యాలు ముందే అచ్చువేసి ఉంటాయి. అక్కరలేనివి కొట్టివేసి సంతకం పెట్టాలి. అంతకు మించి ఒక్క మాట రాసినా కార్డు చించేస్తారు. అన్నయ్య నా వైపు తిరిగి, "సరిహద్దు నుంచి నేను అమ్మకు రాసిన ఉత్తరాలు కూడా ఇంతకంటే పెద్దవి కావు కదమ్మా" అన్నాడు. అవును. క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను, సెలవు దొరికితే వస్తాను. మా అమ్మ వాటినే మళ్ళీ మళ్ళీ చదివించుకునేది.

భోజనానికి చౌరస్తా దగ్గర ఒక చిన్న హోటల్లో గుడ్లు, వేయించిన బంగాళాదుంపలు తిన్నాం. తలకు 11.50 యూరోలు. నాకు గుడ్డుతో పేచీ లేదు. జీతం అందగానే సిపాయిలు పరుగెత్తి తిన్నది ఇదే. డబ్బా మాంసం, టర్నిప్ ముక్కలు తేలే డబ్బా కూర, ఎప్పుడు చూసినా అదే ప్లమ్, యాపిల్ కలిపిన జామ్ తిని మొహం మొత్తిన నాలుకకు, ఒక ఆడమనిషి తన పొయ్యి మీద అప్పటికప్పుడు వేసి పెట్టిన వేడి గుడ్డు ఎలా ఉంటుంది! దుంపలు పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉన్నాయి, గుడ్డు పచ్చసొన చిక్కగా ఉంది. యూరప్‌లో మేము తిన్న భోజనాలన్నిటిలో నాకు ఇదే నచ్చింది. మావారు రెండో పళ్ళెం చెప్పారు. ధర అడగలేదు.

అయితే పొపెరింగె అంటే పాటలూ టీలూ మాత్రమే అనుకుని వచ్చేయకండి. టౌన్‌హాలు వెనక రెండు చీకటి గదులున్నాయి. సైనిక న్యాయస్థానం మరణశిక్ష వేసిన సొంత సిపాయిలను శిక్షకు ముందు రాత్రి అక్కడే ఉంచేవారు. గోడల మీద ఖైదీల గీతలు ఇంకా ఉన్నాయి, పెరట్లో కాల్చే కొయ్య ఉంది. ఊరికి కాస్త దూరంలో లైసెన్‌టూక్ శ్మశానం, యుద్ధకాలపు ఆసుపత్రుల పక్కన పెరిగినది. దాదాపు 10,800 సమాధులు. టీ తాగి నవ్విన కుర్రాళ్ళు ఏ దారిన వెనక్కి వెళ్ళారో, కొందరు ఎక్కడికి చేరారో అక్కడికి వెళ్తే తెలుస్తుంది. టాక్సీ రానూపోనూ 34 యూరోలు అయింది. సైకిలు తొక్కగలిగితే అదీ అక్కరలేదు.

ఆ రాత్రి టాల్బట్ హౌస్‌లోనే బస. ఈపర్ హోటలు కంటే చాలా చవక. స్నానాల గదులు ఉమ్మడిగా వాడుకోవాలి, గదిలో టీవీ లేదు. అది లోటు అనుకునేవారికి ఈ ఇల్లు సరిపడదు. గదులు కొన్నే కాబట్టి చాలా ముందుగా రాసి ఖాయం చేసుకోండి. వంటగదిలో మీరే వండుకోవచ్చా అని ముందే అడగండి, అన్నం తినకుండా ఉండలేని పెద్దవాళ్ళు వెంట ఉంటే మరీను.

యాత్ర సంస్థకు ఉత్తరం రాశాను. వచ్చేసారి వస్తే పది శాతం తగ్గిస్తామని జవాబిచ్చారు. నాకు కావలసింది నా భోజనం తాలూకు డబ్బు, రెండోసారి ఆ పొగ కాదు. మావారు వదిలేయమంటున్నారు. నేను మళ్ళీ రాశాను, ఈసారి అన్నయ్య అడిగిన మూడు ప్రశ్నలు కూడా అందులో చేర్చాను.