గ్లోబు బాగుంది, ఫ్రీగా ఇచ్చిన పటంతోనే పేచీ

పాపకు ఆరో తరగతి సోషల్‌లో అక్షాంశాలు, రేఖాంశాలు మొదలయ్యాయని కోఠిలో 30 సెంటీమీటర్ల గ్లోబు కొన్నా. పన్నెండు వందలు, గోడకు తగిలించే ప్రపంచ పటం ఫ్రీ. నెల రోజులు వాడాక రాస్తున్నా.

ముందు పటం సంగతి. తగిలించిన రోజే పాప అడిగింది, "నాన్నా, గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత ఉందేంటి?" అని. గ్లోబు మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి గ్రీన్‌లాండ్‌ను గీసి, కత్తిరించి ఇండియా మీద పెడితే మనదే పెద్దది. అది సుమారు 21.7 లక్షల చదరపు కిలోమీటర్లు, మన దేశం 32.87 లక్షలు. ఆఫ్రికాలో అయితే గ్రీన్‌లాండ్‌లు 14 దాకా పడతాయి, పటంలో మాత్రం రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి.

ఇది 1569లో పటాలు గీసే మెర్కేటర్ అనే ఆయన గీసిన పద్ధతి. దిక్సూచిని ఒకే దిక్కుకు పట్టుకుని ఓడ నడిపితే ఆ దారి పటంలో తిన్నని గీతగా రావాలి, అందుకని ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ అడ్డంగా ఎంత సాగిందో నిలువుగానూ అంతే సాగదీశాడు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర పొడవు రెండింతలు, వైశాల్యం నాలుగింతలు. ఓడలకు బంగారం లాంటి పటమే, కానీ పిల్లల గోడకు ఎందుకండీ? పైగా ఏ ప్రొజెక్షనో (గోళాన్ని చదునుగా గీసే పద్ధతి) ఒక మూలైనా అచ్చు వేయలేదు.

మా అమ్మ జాకెట్లు కుడుతుంది. ఇదంతా విని, "డాట్లు (గుడ్డను కొంచెం మడిచి వేసే కుట్లు) వెయ్యకుండా గుడ్డ ఒంపు మీద ఎలా కూర్చుంటుందిరా?" అంది. 1827లో గణిత శాస్త్రవేత్త గాస్ లెక్కలతో తేల్చింది దాదాపు ఇదే, గోళాన్ని సాగదీయకుండా చదును చేయడం కుదరదని. వైశాల్యాలు సరిగ్గా చూపే గాల్-పీటర్స్ పటం కూడా ఉంది, అందులో ఆఫ్రికా తీగ మీద ఆరేసిన తడి బట్టలా కిందికి సాగిపోతుంది.

ఇక గ్లోబు. దీనికీ తిప్పలు తప్పలేదు, చదునుగా అచ్చేసిన కాగితాన్ని పడవ ఆకారంలో 12 ముక్కలుగా కోసి బంతి మీద అతికించారు. ఢాకా పక్కనున్న అతుకు దగ్గర తీరం రెండు మిల్లీమీటర్లు తప్పింది, ఈ సైజులో అంటే 85 కిలోమీటర్లు. అయినా మా చెల్లెలు చికాగోలో ఉంటుంది కదా అని హైదరాబాద్ నుంచి అక్కడికి దారం బిగించి లాగాం చూడండి, దానికే డబ్బులు గిట్టాయి. పటంలో స్కేలు పెడితే సౌదీ, ఈజిప్టు, అట్లాంటిక్ మీదుగా పోయే దారి ఇక్కడ రష్యా దాటి, గ్రీన్‌లాండ్ ఉత్తర భాగం మీదుగా దిగింది. 31 సెంటీమీటర్లు, అంటే 13 వేల కిలోమీటర్ల పైనే. పాప మూడుసార్లు లాగి చూసింది, నమ్మక.

స్టాండు ప్లాస్టిక్‌ది, గట్టిగా తిప్పితే ఊగుతోంది. మెటల్ స్టాండుది దొరికితే రెండొందలు ఎక్కువైనా అదే తీసుకోండి, ఫ్రీ పటం వద్దనండి.