ఎడారిలో ఆర్‌వీ: ఐదు రాత్రులు, మూడు మకాములు

డిసెంబరు సెలవులకి మంచు లేని చోటికే వెళ్దామంది అమ్మ. ఖమ్మం నుంచి వచ్చి అప్పటికి రెండు నెలలే. అందుకని లాస్ ఏంజెలెస్‌లో 25 అడుగుల ఆర్‌వీ (పడకలు, వంటగది ఉన్న ఇల్లులాంటి బండి) అద్దెకి తీసుకుని, పిల్లలతో కలిపి ఐదుగురం దక్షిణ కాలిఫోర్నియా ఎడారి వైపు బయల్దేరాం.

మొదటి రెండు రాత్రులూ జాషువా ట్రీ పార్కు దక్షిణ గేటుకి బయట, బీఎల్ఎం (ప్రభుత్వ భూములు చూసే అమెరికా సంస్థ) వాళ్ల ఖాళీ స్థలంలో. ఐ-10 హైవే మీద 168వ ఎగ్జిట్ దిగితే వచ్చేస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు, 14 రోజుల వరకు ఉండొచ్చు. అయితే నీళ్లు, కరెంటు, టాయిలెట్, చెత్తడబ్బా ఏవీ ఉండవు. హైవే లారీల చప్పుడు కూడా వినిపిస్తుంది, కాబట్టి వీలైనంత లోపలికి వెళ్లి ఆపుకోండి.

అసలు ఇబ్బంది తెల్లవారుజామున మూడింటికి వచ్చింది. హీటర్ ఆగిపోయింది. గ్యాస్ నిండుగానే ఉంది, కానీ వేడిగాలిని లోపలికి తోసే ఫ్యాన్ బ్యాటరీ మీద నడుస్తుంది. ఆ బ్యాటరీ పడుకుంది. చుట్టూ జనం నిద్రపోతుంటే జనరేటర్ వేయడానికి మనసొప్పలేదు. ఉన్న దుప్పట్లన్నీ అమ్మకీ పిల్లలకీ కప్పి తెల్లారేదాకా కూర్చున్నాం. పొద్దున్నే పక్క బండిలోని పెద్దాయన మీటరు తెచ్చి పెట్టి చూశారు: 11.4 వోల్టులు. పూర్తిగా చార్జయిన బ్యాటరీకి 12.6 దాకా ఉండాలి. "ఇది పాతదమ్మా, మార్చాల్సిందే" అన్నారు. అద్దెకిచ్చినవాళ్లకి ఫోన్ చేస్తే మీరే ఎక్కువ వాడేశారన్నారు. ఇండియో అనే ఊరికి వెళ్లి కొత్తది కొన్నాం. బిల్లు చూపించాక వాళ్లిచ్చింది సగమే. మీరు బండి తీసుకునేటప్పుడు జనరేటర్ ఆపించి, లైట్లూ ఫ్యాన్లూ అన్నీ వేసి ఒక అరగంట చూడండి. మొహమాటపడొద్దు.

తర్వాతి రెండు రాత్రులు ఆంజా-బొరేగో స్టేట్ పార్కులోని బొరేగో పామ్ కాన్యన్ క్యాంప్‌గ్రౌండ్‌లో. నీళ్లు, కరెంటు, మురుగు గొట్టం మూడూ ఉన్న చోటు దొరికింది. ఆరు నెలల ముందే బుకింగ్ తెరుచుకుంటుంది, పండగ రోజులకి ఆలస్యం చేస్తే కష్టమే. బళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, పక్కవాళ్ల టీవీ కనిపిస్తుంది. అయినా నాకు డబ్బు దండగ అనిపించలేదు. రెండు రోజులుగా పులవకుండా మొండికేసిన ఇడ్లీ పిండి ఇక్కడ హీటర్ పక్కన పెడితే తెల్లారేసరికి గిన్నె అంచు దాకా పొంగింది. అందరం వేడినీళ్లతో తలస్నానాలు చేశాం. తాటివనం దాకా వెళ్లే కాలిబాటలో అమ్మ కూడా సగం దూరం నడిచింది.

చివరి రాత్రి అదే పార్కులో ఎస్-2 రోడ్డు పక్కనున్న బ్లెయిర్ వ్యాలీ. ఇదీ ఉచితమే. నేల మీద మంట వేయకూడదు, ఇనప తొట్టిలోనే వేసుకోవాలి, బూడిద మనతోనే తెచ్చేసుకోవాలి. ఎత్తు ఎక్కువ కాబట్టి చలి గట్టిగా ఉంది. కొత్త బ్యాటరీతో హీటర్ రాత్రంతా నడిచింది. ఉచిత మకాముల్లో మళ్లీ వెళ్లమంటే నేను ఇక్కడికే వెళ్తాను, మధ్యలో ఒక రాత్రి హుక్‌అప్ (బండికి నీళ్లు, కరెంటు తగిలించుకునే వీలు) ఉండేలా చూసుకుని.

ఆ రాత్రి అన్నాలయ్యాక లైట్లన్నీ ఆపేశాం. అమ్మ శాలువా కప్పుకుని మెట్టు మీద కూర్చుని, తల పైకెత్తి చుక్కల్లో కాసేపు వెతికింది. "అదిగో పిల్లలకోడి! మా డాబా మీద పడుకుంటే ఇట్లాగే కనపడేది" అని చిన్నదాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, దాని వేలు పట్టుకుని ఒక్కో చుక్కా చూపించింది. ఆరు లెక్కపెట్టి, ఏడోదాని కోసం ఇద్దరూ చాలాసేపు అక్కడే ఉండిపోయారు.