షవర్‌కి ప్రెషర్ పంప్ కొనబోతున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

రెండు పంపులు మార్చి, ఒకసారి ఇంట్లో మడమల దాకా నీళ్లు చూశాక ఇది రాస్తున్నాను. షవర్‌కి ఫోర్స్ రావట్లేదని పంప్ కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి.

మా బాత్రూమ్ పై అంతస్తులో ఉంది. ట్యాంక్ సరిగ్గా దాని నెత్తిమీదే ఉంటుంది. ట్యాంక్ దగ్గరగా ఉంటే నీళ్లు జోరుగా వస్తాయని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. లెక్క సరిగ్గా దానికి తిరగబడి ఉంటుంది. ప్రెషర్ వచ్చేది ఎత్తు వల్ల: 10 మీటర్లకు సుమారు 1 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత). మా ట్యాంక్ అడుగు నుంచి షవర్ దాకా ఉన్న ఎత్తు ఒక్క మీటరు, అంటే 0.1 బార్. ఒంటిమీద గట్టిగా పడే షవర్ కావాలంటే 1 బార్ అయినా ఉండాలి. ట్యాంక్ ఎన్ని లీటర్లదైనా ఈ లెక్క మారదు.

అమ్మినవాళ్లు ఇవేవీ అడగలేదు. "ఎన్ని బాత్రూమ్‌లు సార్?" అని ఒక్క ప్రశ్న వేసి, అర హెచ్‌పీ ఆటోమేటిక్ పంప్ చేతిలో పెట్టారు. బిగించడానికి వచ్చినతను కింది అంతస్తు కుళాయి తిప్పి చూపించాడు. పంప్ ఆన్ అయింది, నీళ్లు ఎగజిమ్మాయి, డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం పైన షవర్ తిప్పితే పంప్ ఉలుకూ పలుకూ లేదు.

కారణం తర్వాత తెలిసింది. ఆ పంప్‌లో ఉన్నది ఫ్లో స్విచ్. పైపులో నిమిషానికి ఇన్ని లీటర్లని కొంత ప్రవాహం దానంతటదే వస్తేనే అది పంప్‌ని ఆన్ చేస్తుంది. మా షవర్‌కి వచ్చే సన్నధార దానికి చాలదు. మా అమ్మ కింద ఒక కుళాయి తిప్పితే పంప్ ఆన్ అయ్యేది, షవర్ కూడా బ్రహ్మాండంగా వచ్చేది. మధ్యలో సబ్బు రాసుకోవడానికి కట్టేశానా, మళ్లీ అమ్మని కేకేయాల్సిందే. నీళ్ల జోరు తక్కువున్నచోట పనిచేయడానికే కొన్న పంప్, సరిగ్గా ఆ చోటే పనిచేయకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇలాంటి ఇళ్లకు, పైపులో ప్రెషర్ తగ్గగానే పంప్‌ని ఆన్ చేసే ప్రెషర్ స్విచ్ ఉన్న రకం కావాలని అమ్మేవాళ్లకు తెలిసి ఉండాలి.

గట్టిగా అడిగితే ప్రెషర్ స్విచ్ రకం ఇచ్చారు, అదనంగా డబ్బు కట్టించుకుని మరీ. ఈసారి 40 మీటర్ల హెడ్‌ది (హెడ్ అంటే పంప్ నీళ్లను ఎంత ఎత్తుకు నెట్టగలదో). అంటే కుళాయిలన్నీ మూసి ఉన్నప్పుడు పైపుల మీద దాదాపు 4 బార్ పడుతుంది. పంప్ పైన ఉంది కాబట్టి కింది అంతస్తుకు ఆ ఎత్తు వల్ల వచ్చేది కూడా కలుస్తుంది. మొదటి రాత్రే అది కాసేపటికోసారి ఆన్ అయి ఆగడం మొదలుపెట్టింది. ఫ్లష్ ట్యాంక్‌లో చిన్న లీకేజీ ఉంది, అంతకుముందు మాకు తెలియనే తెలియదు. ఈ రకం పంప్‌కి చుక్క కారినా చాలు, ప్రెషర్ తగ్గి లేస్తుంది.

నాలుగో వారంలో, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, కింద వాష్‌బేసిన్ దగ్గరి పాత కనెక్షన్ పైపు పగిలింది. ప్రెషర్ పడిపోయింది కనుక పంప్ ఆగకుండా తోడుతూనే ఉంది. ట్యాంక్ ఖాళీ అయ్యాక వట్టిగా తిరిగింది. నీళ్లు లేకుండా తిరిగితే లోపలి సీల్ వేడెక్కి పోతుంది, మాదీ పోయింది. వారంటీ అడిగితే "డ్రై రన్ వారంటీలోకి రాదు" అన్నారు. డ్రై రన్ ప్రొటెక్షన్ ఉన్న మోడల్ ఉంటుందన్న మాట అమ్మేటప్పుడు ఎవరి నోటా రాలేదు.

అందుకే చెబుతున్నాను. కొనడానికి ముందు షవర్ తల విప్పేసి వట్టి పైపు నుంచి నీళ్లు ఎలా వస్తున్నాయో చూడండి. అప్పుడు ధార బాగుంటే మీ సమస్య ప్రెషర్ కాదు, తలలో పేరుకున్న ఉప్పు. వెనిగర్‌లో నానబెడితే సరిపోవచ్చు. బాగాలేకపోతే ట్యాంక్ అడుగు నుంచి షవర్ దాకా టేపు పెట్టి కొలవండి. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే గరిష్ఠ హెడ్, గరిష్ఠ లీటర్లు రెండూ ఒకేసారి రావు. ఎంత హెడ్ దగ్గర ఎన్ని లీటర్లు ఇస్తుందో చెప్పే పట్టిక అడగండి. గీజర్ మీద రాసిన ప్రెషర్ పరిమితి కూడా చూడండి (మెగాపాస్కల్స్‌లో ఉంటే 10తో గుణిస్తే బార్ వస్తుంది). చన్నీళ్ల లైనుకి ఒక్కదానికే పంప్ పెట్టనివ్వకండి, మిక్సర్ దగ్గర చన్నీళ్లు వేణ్నీళ్లను వెనక్కి నెడతాయి. గీజర్‌కి లైను చీలకముందే పంప్ ఉండాలి. నాన్ రిటర్న్ వాల్వ్‌తో (నీళ్లను ఒకవైపే పోనిచ్చేది) బైపాస్, అంటే పంప్‌ని తప్పించి వెళ్లే పైపు, పెట్టించుకుంటే కరెంటు పోయినా మామూలు నీళ్లయినా వస్తాయి. ఎర్తింగ్ లేకుండా, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) లేకుండా మాత్రం స్విచ్ వేయకండి. తడి చేతులతో ఉండే చోటు అది.

బిల్లు మీద ఈ ముక్క రాయించుకోండి: "మిగతా కుళాయిలన్నీ కట్టేసి, పై షవర్ ఒక్కటే తిప్పినా పంప్ ఆన్ అవ్వాలి." బిగించినతను మీ కళ్ల ముందు అలా చేసి చూపించేదాకా మిగిలిన డబ్బు ఇవ్వకండి.