ఒక్కరు మిగిలిన ఊరు, ఒక్కరూ లేని ఊరు

ఫ్రాన్స్‌లో డ్రోమ్ జిల్లా కొండల్లోని రోష్‌ఫుర్షా జనాభా లెక్కల్లో ఒక్కరు. మ్యూజ్ జిల్లాలోని ఫ్లరీ-దవాఁ-దువోమోఁ లెక్క సున్నా.

రోష్‌ఫుర్షా మెల్లగా ఖాళీ అయింది. బతుకుతెరువు వెతుక్కుంటూ తరాల తరబడి జనం దిగువకు వెళ్లిపోయారు. ఫ్లరీకి ఆ వ్యవధి దొరకలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో భాగమైన 1916 వెర్డన్ పోరులో అది ఫ్రెంచ్, జర్మన్ సేనల మధ్య 16 సార్లు చేతులు మారి, ఇటుక మిగలకుండా పోయింది. పేలని గుండ్ల భయంతో మళ్లీ ఎవరినీ కాపురం ఉండనివ్వలేదు. గుంతలు పడ్డ నేలపై నేడు చెట్లు. రొట్టెల దుకాణం ఇక్కడ, బడి ఇక్కడ అని చిన్న గుర్తులు పాతారు. వాటి మధ్య నడిస్తే కాళ్లు బరువెక్కుతాయి.

రెండింటికీ మేయర్లున్నారు. రోష్‌ఫుర్షాలో ఎన్నికవుతారు, ఫ్లరీకి ప్రభుత్వ ప్రతినిధి నియమిస్తాడు. నన్ను ఎక్కువగా కదిలించేది ఫ్లరీయే: అక్కడివారు తమంతట తాము వెళ్లలేదు.