గిజిగాడు ప్రతిసారీ ఓడిపోయే కార్డులాట

మాది బండారులంక, మగ్గం పని. అంతర్వేది తీర్థంలో మా చిన్నదాని గొడవ పడలేక 150 రూపాయలు పెట్టి జంతువుల కార్డుల పెట్టె కొన్నానండి. మన చిన్నప్పటి క్రికెట్ కార్డుల్లాంటివే. బరువు, పొడవు, నిద్ర అని అంకెలుంటాయి, ఎవరిది ఎక్కువైతే వాళ్లదే గెలుపు. అట్ట గట్టిదే. ముసురు పట్టాక కాస్త వంగింది, ఫర్వాలేదు.

పేచీ మొదటి ఆటలోనే వచ్చింది. దాని చేతిలో గిజిగాడు, నా చేతిలో కోలా అనే ఆస్ట్రేలియా జంతువు. (కూల్‌డ్రింకా నాన్నా, అంది.) బరువు అడిగింది: 25 గ్రాములు, 12 కిలోలు. పోయింది. నిద్ర అడిగింది: కోలాకి 20 గంటలు. "పడుకున్నోడు గెలవడమేంటి?" అని కార్డు విసిరికొట్టింది. నిజమేగా! అది బద్ధకం కాదమ్మా, తినేది జామాయిలాకు, సారం తక్కువ, పైగా విషం, అరిగించుకోడానికే ఓపికంతా అయిపోద్ది అని సర్దిచెప్పాను. ఆ ముక్క కార్డు మీద లేదు. పైగా "కోలా ఎలుగుబంటి" అని అచ్చేశారు. అది ఎలుగు కాదండీ, కంగారూలాగా సంచిలో పిల్లని పెంచే జాతి.

గిజిగాడి కార్డు మరీ అన్యాయం. "ఆడపక్షి గూడు అల్లుతుంది" అట! మా పంటకాలవ గట్టు మీద తాటిచెట్టుకి ఏటా వానాకాలం చూస్తాను. అల్లేది పసుపుతల మగపిట్ట. వరాకు అంచు కొరికి, ముక్కున పట్టి ఎగిరితే సన్నటి పీలిక చీలి వస్తుంది. పడుగూ లేదు, పేకా లేదు, ముక్కుతోనే దూర్చి, లాగి, ముడేస్తాడు. సగం అల్లాక ఆడపిట్ట వచ్చి చూస్తుంది. నచ్చలేదా, మా షావుకారు చీర తిప్పికొట్టినట్టే.

రాలిపడ్డ పాత గూడొకటి తెచ్చి కత్తెరతో నిలువునా కోసి చూపించాను. లోపల గోడకి ఎండిన మట్టి పెళ్ల. గూటి మూతి కిందకే ఉన్నా గుడ్లు జారవు, గొట్టానికీ గదికీ మధ్య చిన్న గట్టు అల్లి ఉంది. కోలా సంచి మూతీ కిందవైపుకేనట, బొందు లాగినట్టు కండరం బిగుసుకుని పిల్లని ఆపుద్ది.

బాల్‌పెన్నుతో "అల్లిక" అని ఇంకో గడి మేమే గీసుకున్నాం. అందులో కోలాకి సున్నా. పెట్టెకి ఐదుకి రెండున్నర.