ఈఎస్ఐ నిరుద్యోగ భృతి: పని ఎందుకు పోయిందని అడగరు, దినాలు మాత్రం లెక్కపెడతారు

అమెరికాకు టీషర్టులు పంపే గార్మెంట్ యూనిట్లో ఆరేళ్లు ఓవర్‌లాక్ మిషన్ మీద పనిచేసినాను. ఉండేది రేణిగుంట. 2025 ఆగస్టు 27 నుంచి ట్రంపు సుంకం 50 శాతానికి చేరినాక ఆర్డర్లు పడిపోయినాయి. ముందు వారానికి మూడు దినాలే రమ్మన్నారు, సంక్రాంతికి ముందు మా లైన్ మొత్తం ఎత్తేసినారు. ఆ తర్వాత ఈఎస్ఐ (కార్మికుల బీమా సంస్థ) వాళ్లు నిరుద్యోగ భృతి ఇచ్చే 'అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన'కు పెట్టుకున్నాను. ఆ పథకానికి ఐదుకు మూడు మార్కులు ఇస్తాను.

పని ఎందుకు పోయిందో మనం నిరూపించక్కర్లేదు, నాకు బాగా నచ్చింది ఇదే. మా ఆడబిడ్డ కొడుకు డాలస్‌లో ఉంటాడు. దిగుమతుల దెబ్బకు ఫ్యాక్టరీ పని పోయినవాళ్లకు అక్కడ 'ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్' అని వేరే పథకమే ఉండేదంట. ముగ్గురు కార్మికులు కలిసి అర్జీ పెడితే, నిజంగా విదేశీ సరుకు వల్లే పని పోయిందా అని కార్మిక శాఖ విచారించి, అవునని తేలితే శిక్షణా భృతీ ఇచ్చేవాళ్లు. 2022 జులై 1 నుంచి కొత్త అర్జీలే తీసుకోవడం లేదు. సుంకం వేసినోళ్ల ఇంట్లోనే అట్లుంటే మనకెవరు పెడతారు!

మనోళ్లు చూసేది దినాలు. రెండేళ్లు బీమాలో ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని ఆర్నెల్ల లెక్కలుంటాయి. పని పోయేముందు ముగిసిన ఆర్నెల్లలో కనీసం 78 దినాలు, దానికి ముందరి మూడింటిలో ఏదో ఒకదాంట్లో ఇంకో 78 దినాలు చందా పడాలి. ఆగస్టు దాకా పని నిండుగా ఉండబట్టి నేను గట్టెక్కినాను. నా పక్క మిషన్ పిల్ల చేరి ఏడాదే, దానికి పైసా రాలేదు. ఈఎస్ఐ చందా కింద జీతంలో 0.75 శాతం మాత్రం నాకు కోసినట్టే దానికీ కోసినారు.

డబ్బు సంగతి. నాలుగు ఆర్నెల్ల జీతం కలిపి 730తో భాగిస్తారు, అందులో సగం, 90 దినాలకు. నెలకు 12,000 జీతమైతే దినానికి 197 రూపాయలు, మొత్తం 17,750 దగ్గర. 2018లో మొదలైనప్పుడు పావు వంతే ఇచ్చేవాళ్లంట. ఈ భృతి ఇప్పుడూ జన్మకొకసారే. నాకిప్పుడు ముప్పై ఎనిమిది, ఇంకో సుంకం రాదని ఎవరైనా రాసిస్తారా?

అర మార్కు నెట్ సెంటర్లోనే పోయింది. "ఓటీపీ వచ్చిందా అక్కా?" అని ఆ అబ్బాయి అడుగుతానే ఉన్నాడు, నా ఫోన్ గమ్మునుంది. చూస్తే ఈఎస్ఐ రికార్డులో ఉన్న నంబరు నన్ను పనిలో చేర్పించిన కాంట్రాక్టరు మనిషిది! ఆ మహానుభావుడు ఫోనెత్తితే కదా. నంబరు మార్పించుకున్నాకే పని కదిలింది. బయట ఒకాయన స్టాంపు పేపరు మీద అఫిడవిట్ కావాలమ్మా అని వెంటబడినాడు. అది 2020లోనే తీసేసినారు. క్లెయిమ్ ప్రింటు, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు జిరాక్సులు చాలు.

ఇంకోటి, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. లెక్క తేల్చే దినాన 'నా ఇష్టంతోనే మానుకుంటున్నా' అని టైపు చేసిన కాగితం ముందుపెట్టి సంతకం అడిగినారు. నేను పెట్టలేదు. పని ఎందుకు పోయిందో నిరూపించక్కర్లేకపోయినా, స్వచ్ఛందంగా విరమించుకున్నవాళ్లకూ, తప్పు చేసి పని పోగొట్టుకున్నవాళ్లకూ ఈ భృతి లేదు. మా లైన్లో సగం మంది చదవకుండానే గీకేసినారు.

పక్క మిషన్ పిల్ల మామిడి సీజన్లో చిత్తూరు వైపు పల్ప్ ఫ్యాక్టరీకి పోతానంటోంది. చేరేముందే ఈఎస్ఐ కడతారా లేదా అడుగు, నంబరు నీదే రాయించుకో అని చెప్పినాను.