మేత షాపులో సొంత సాఫ్ట్‌వేర్: నాలుగేళ్లు వాడాక

మాది ఇందుకూరుపేట వైపు రొయ్యల మేత, మందులు అమ్మే షాపు. 2021 చివర్లో నెల్లూరు టౌన్లో ఇద్దరు కుర్రాళ్ల చేత మా షాపు కోసమే ఒక సాఫ్ట్‌వేర్ రాయించుకున్నాను. లక్షా ఎనభై వేలు అయింది. మెయింటెనెన్స్‌కు ఏడాదికి ఇంకో పాతిక వేలు. అప్పటికే ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) ఉంది, ఇప్పటికీ ఉంది, ఆడిటర్‌కు అదే కావాలి. "ట్యాలీ ఉండగా ఇంకోటి దేనికి, డబ్బులు బరువయ్యాయా?" అన్నాడు మా బావ. ఆయన మాటలో సగం నిజముంది. దాని సంగతి తర్వాత.

ఈ వ్యాపారం తెలియనివాళ్లకు ఒక్క ముక్క. సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన రోజు నుంచి పట్టుబడి (పెరిగిన రొయ్యలు పట్టడం) దాకా, మూడు నాలుగు నెలలు, మేత అప్పు మీదే పోతుంది. టన్ను రొయ్య తీయాలంటే టన్నుంబావు నుంచి టన్నున్నర మేత పడుతుంది. పాతిక కేజీల బస్తాల్లో లెక్కేసుకోండి. ఒక రైతుకు నాలుగు గుంటలు (రొయ్యల చెరువులు) ఉంటే రెండు సొంతం, ఒకటి లీజు, ఒకటి బావమరిదితో పొత్తు. ఫోన్ చేసి "పొత్తు గుంటకి పది బస్తాలు పంపించు" అంటాడు. ట్యాలీలో ఆ పదీ అతని పేరు మీదే పడేవి. పట్టుబడయ్యాక బావమరిది వచ్చి "మా గుంట ఇన్ని బస్తాలు ఎప్పుడు తినింది?" అని కూర్చునేవాడు. పాత చీటీలన్నీ వెతికి లెక్క తేల్చేసరికి రాత్రయ్యేది.

కుర్రాళ్లు మొదటి రోజు "మీకు ఏ రిపోర్టులు కావాలన్నా?" అని అడిగారు. నేను చెప్పినవన్నీ రాసుకుని చేసిచ్చారు. అందులో సగం ఇంతవరకు తెరిచి చూడలేదు. అసలు పనికొచ్చింది నేను అడగనిది. ఇద్దరిలో చిన్నవాడు రెండు రోజులు గల్లాపెట్టె పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మా గుమాస్తా ప్రతి చీటీ మీద రైతు పేరు కింద గుంట పేరు కూడా రాయడం చూశాడు. ఖాతా రైతుకు కాదు, గుంటకు తెరవాలని వాడే అన్నాడు. రైతు పేరు కొడితే కింద గుంటలు వస్తాయి, ప్రతి గుంటకు సీడ్ వేసిన తేదీ ఉంటుంది. పేరుతో పాటు ఊరు, ఇంటి గుర్తు కొట్టినా దొరికేటట్టు పెట్టించుకున్నాం. మా ఖాతాల్లో పెంచలయ్యలే పదకొండు మంది. ఫోన్ నంబరుతో వెతకొచ్చుగా అంటారేమో, ఇక్కడ సిమ్‌లు మారినంత తొందరగా చొక్కాలు మారవు.

దీనివల్ల అనుకోని లాభం ఒకటి వచ్చింది. సీడ్ వేసి ఎన్ని రోజులైంది, ఎన్ని బస్తాలు ఎత్తారు అనేది గుంటవారీగా పక్కపక్కనే కనపడుతుంది. యాభై రోజుల గుంటకు మేత ఎత్తడం ఉన్నట్టుండి ఆగిందంటే రెండే కారణాలు. వైట్ స్పాట్ లాంటి జబ్బు తగిలి రొయ్య మేత మానేసి ఉండాలి, లేదంటే రైతు ఇంకో షాపులో ఖాతా తెరిచి ఉండాలి. రెంటికీ నేను బండేసుకుని పోవాల్సిందే. ఇంతకుముందు ఈ సంగతి అర్జెంటు పట్టుబడయ్యాక తెలిసేది. అయితే ఈహెచ్‌పీ (రొయ్యను ఎదగనివ్వని జబ్బు) పట్టిన గుంటను ఇది పట్టుకోలేదు. రొయ్య తింటూనే ఉంటుంది, బస్తాలు పోతూనే ఉంటాయి, కౌంట్ (కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయనేది) మాత్రం కదలదు. శాంపిలింగ్ కౌంట్ ఎక్కించే పెట్టె పెట్టారు గానీ, రైతు చెప్పాలి కదా.

వడ్డీ దగ్గర మొదటి ఆరు నెలలు నరకం చూశాను. మాది నూటికి నెలకు రూపాయిన్నర, నెలంటే ముప్పై రోజులు. వాళ్లు రోజుల లెక్కన, ఏడాదికి 365 వేసి రాశారు. రెండు లక్షలకు మార్చి 1 నుంచి ఆగస్టు 1 దాకా నోటి లెక్కలో 15,000. సాఫ్ట్‌వేర్ 15,090 చూపించింది. "అబ్బాయా, ఈ తొంభై ఎక్కడిది?" అన్నాడు ఒక పెద్దాయన. తొంభై రూపాయలు పోతే పోయాయి, ఆయన ముందు కంప్యూటర్ దొంగదైపోయింది. మార్చడానికి వాళ్లకు అరగంట చాలింది. ఆ అరగంట దొరకడానికే ఐదు వారాలు పట్టింది.

బిల్లులూ అంతే. మేతకు జీఎస్టీ లేదు, ఏరేటర్‌కు (గుంట నీళ్లలో గాలి కలిపే మిషన్) ఉంది. రెండూ కొన్న రైతుకు మొదట్లో రెండు బిల్లులు వచ్చేవి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని రైతుకు రెండూ కలిపి ఒకే కాగితం మీద ఇవ్వొచ్చని ఆడిటర్ చెప్పాక కలిపారు. తెలుగు అక్షరాల గొడవ వేరే. థర్మల్ ప్రింటర్ మీద వత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట పడేవి. చివరికి బిల్లు మొత్తాన్ని బొమ్మగా మార్చి ప్రింట్ చేయించారు. ఆ బొమ్మే వాట్సాప్‌లో పోతుంది.

2023 డిసెంబర్లో మిగ్‌జాం తుపానుకు మాకు మూడు రోజులు కరెంటు లేదు. గుంటల్లో వాన నీళ్లు నిండి, సున్నం, మినరల్స్ కోసం రైతులు షటర్ కొట్టారు. అన్నీ కాగితం మీదే రాసిచ్చాం. కరెంటొచ్చాక చూస్తే పాత తేదీలతో పద్దు తీసుకోదు. గుమాస్తా ఒకసారి పాత బిల్లు దిద్దాడని ఆ తాళం వేయించింది నేనే! మూడు రోజుల సరుకు ఒకే తేదీలో ఎక్కించాం. ఇప్పుడు నా పాస్‌వర్డ్ కొడితే పాత తేదీ తీసుకుంటుంది.

నా పెద్ద కంప్లయింట్ ఇది. ఇద్దరిలో పెద్దవాడు బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లిపోయాడు. చిన్నవాడు ఒక్కడే మిగిలాడు, వాడికి పెళ్లి కుదిరిన నెల నా ఫోన్ ఎత్తలేదు. సోర్స్ కోడ్ (సాఫ్ట్‌వేర్ అసలు రాత) నాకే ఇవ్వాలని మొదటి ఒప్పందంలో రాయించుకోలేదు, నా తెలివితక్కువతనం. మూడో ఏడు మెయింటెనెన్స్ డబ్బు ఆపితే పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చాడు. తెలిసిన ఇంకో కుర్రాడికి చూపించాను. "అన్నా, ఇది రాసినోడికే అర్థమవుద్ది" అన్నాడు.

బావ మాటకొస్తే, ట్యాలీలోనే కాస్ట్ సెంటర్లు (ఖర్చును విడివిడిగా చూపే పద్దులు) పెట్టుకుంటే గుంటవారీ ఖర్చు వస్తుందని రెండేళ్ల తర్వాత తెలిసింది. ముందే తెలిస్తే ఇది రాయించేవాడినా? బహుశా ముందు అదే వాడి చూసేవాడిని. సీడ్ తేదీ పక్కన బస్తాల వరుస మాత్రం అందులో ఇంత సులువుగా కుదిరేది కాదనే అనుకుంటున్నాను.

2025 ఆగస్టులో అమెరికా రొయ్యలతో సహా మన దేశపు సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడ అందరికీ టెన్షన్. ఏ గుంట ఎన్ని రోజుల్లో ఉంది, దాని మీద నా డబ్బెంత ఉంది అనే జాబితా ఆ సాయంత్రమే తీసుకుని కూర్చున్నాను. చిన్న గుంటల రైతులకు అప్పు ఆపకుండా, కొత్త సీడ్‌కు మాత్రం ఆపగలిగాను.

నాలుగు స్టార్లు ఇస్తాను. ఫోన్లో చూసుకునే యాప్ చేసిస్తానని చిన్నవాడు రెండు సంక్రాంతుల నుంచి చెబుతున్నాడు. ఈసారి అది చూశాకే మెయింటెనెన్స్ చెక్కు రాస్తానని చెప్పాను.